డిక్కీ మీద రాసేస్తే బాధ్యత తీరిపోతుందా?

ప్రశ్న: లాయరు గారూ, పోయిన నెల ఒంగోలు నుంచి హైదరాబాద్‌కి ఒక ప్రైవేటు స్లీపర్ బస్సులో వచ్చాను. సూట్‌కేసు పైకి తెచ్చుకుంటానంటే క్లీనర్ ఒప్పుకోలేదు. తనే డిక్కీలో పెట్టి, 17 నంబరు చీటీని రెండుగా చింపి ఒక ముక్క హ్యాండిల్‌కి కట్టి, రెండోది నాకిచ్చాడు. తెల్లారి మియాపూర్‌లో దిగితే పెట్టె లేదు. మూడు పట్టుచీరలు, మా అబ్బాయి ల్యాప్‌టాప్, రెండు కాసుల గొలుసు అందులోనే ఉన్నాయి. ఆఫీసుకెళ్లి అడిగితే "డిక్కీ మీద రాసుందిగా మేడం, చూసుకోలేదా?" అన్నారు. నిజమే, "మీ సామానుకు మీరే బాధ్యులు, యాజమాన్యానికి సంబంధం లేదు" అని ఎర్రరంగుతో రాసుంది. ఇక ఆశ వదులుకోవాల్సిందేనా? – ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అక్కర్లేదమ్మా. ఆ రాత చూసి సగం మంది అడగకుండానే వెళ్లిపోతారు. బస్సు వాళ్లకు దానివల్ల వచ్చే లాభమల్లా అంతే.

మీ విషయంలో చూడాల్సింది ఆ రాత కాదు, పోయేటప్పటికి పెట్టె ఎవరి చేతిలో ఉందన్నది. ఒకరి వస్తువును మరొకరు ఒక పని కోసం తీసుకుని, పనయ్యాక తిరిగి అప్పగించాల్సి ఉంటే దాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 148లో బెయిల్‌మెంట్ అంటుంది. అలా తీసుకున్నవాడు, మామూలు తెలివి ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలని సెక్షన్ 151 చెబుతుంది. డిక్కీ తాళం క్లీనర్ దగ్గరుంది. మీరేమో కర్టెన్ వేసుకుని బెర్తులో పడుకున్నారు. అర్ధరాత్రి టీ కోసం ఆపినచోట డిక్కీ ఎవరు తెరిచారు, ఎవరి పెట్టె ఎవరికిచ్చారు, చీటీ ముక్క సరిచూశారా లేదా... ఇవన్నీ వాళ్లు చెప్పాలి, మీరు కాదు.

వాళ్ల లాయరు సెక్షన్ 152 పట్టుకుంటాడు. అంత జాగ్రత్తగా చూసుకున్నాక కూడా వస్తువు పోతే, తీసుకున్నవాడి బాధ్యత లేదని చెప్పే సెక్షన్ అది. అందులో "ప్రత్యేక ఒప్పందం లేనప్పుడు" అనే మాట ఉంది. ఆ రాతే మా ప్రత్యేక ఒప్పందం అంటాడు. దీనికి సుప్రీంకోర్టు 2019 నవంబరులో తాజ్‌మహల్ హోటల్ కేసులో జవాబిచ్చేసింది. 1998లో ఢిల్లీలో ఒక అతిథి తన మారుతీ జెన్ తాళాలు హోటల్ సిబ్బందికిచ్చి లోపలికెళ్లాడు. తిరిగొచ్చేసరికి కారు లేదు. పార్కింగ్ చీటీ మీద "యజమాని రిస్కు మీదే" అని అచ్చేసి ఉంది. అయినా సరే, వస్తువు తమ చేతికొచ్చాక తమ తప్పు లేదని హోటలే చూపాలనీ, తన సిబ్బంది నిర్లక్ష్యాన్ని అలాంటి షరతు చాటున దాచుకోవడం కుదరదనీ కోర్టు తేల్చింది. కారు స్థానంలో సూట్‌కేసు పెట్టి చూడండి, మీ కేసే.

ఇదేం కొత్త సంగతి కాదు. 1960ల్లోనే మద్రాసులో ఒక లాండ్రీ జరీచీర పోగొట్టి, బిల్లు వెనక షరతు చూపించి విలువలో 15 శాతమే ఇస్తానంది. అలాంటి షరతు ప్రజాహితానికి విరుద్ధం, చెల్లదని మద్రాసు హైకోర్టు చెప్పింది.

అలాగని రాసిన ప్రతి షరతూ చెత్తబుట్టలోకి పోదు. సంతకం పెట్టిన కాగితం సంగతి వేరు. నష్టపరిహారం వంద డాలర్లకు మించదన్న కొరియర్ షరతును 1996లో డీహెచ్‌ఎల్ కేసులో సుప్రీంకోర్టు నిలబెట్టింది. అలాగే మీ బ్యాగు మీ బెర్తులోనో, తల పక్కనో ఉండి పోయి ఉంటే నా జవాబు ఇంత ధీమాగా ఉండేది కాదు. రైల్లో నడుముకు కట్టుకున్న బెల్టులోంచి లక్ష రూపాయలు పోయిన ప్రయాణికుడికి, ఆ డబ్బు కాపాడుకోవాల్సింది మీరేనని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. గొలుసు డబ్బు పూర్తిగా రావడం కష్టం. చెప్పకుండా బంగారం డిక్కీలో పెట్టడమేమిటని అవతలివాళ్లు అడుగుతారు, ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. గొలుసు అందులోనే ఉందని రుజువు చేయడం కూడా తేలిక కాదు. చీరలకు, ల్యాప్‌టాప్‌కు బిల్లులుంటే వాటి మీద గట్టిగా నిలబడండి.

ముందు పోలీసు ఫిర్యాదు. పెట్టె పిడుగురాళ్లలో పోయిందో, మిర్యాలగూడలో పోయిందో తెలీదు కాబట్టి "మా పరిధి కాదు" అనొచ్చు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చని నేర విచారణ పద్ధతి చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 చెబుతుందని గుర్తుచేయండి. తర్వాత ట్రావెల్స్‌కి స్పీడ్ పోస్టులో నోటీసు. పదిహేను రోజులు చూసి వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. దీనికోసం హైదరాబాద్ తిరగక్కర్లేదు, మీరుండే ఒంగోలులోనే వేయొచ్చు. ఫీజు లెక్క మీ నష్టాన్ని బట్టి కాదు, మీరు చెల్లించిన సొమ్మును బట్టి. అది 5 లక్షల లోపైతే ఫీజే లేదు, మీది ఒక టికెట్టు ధరే కదా. గడువు రెండేళ్లు. ఆ షరతునే అన్యాయమైన ఒప్పందంగా రద్దు చేయమని అడగాలంటే రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. మీకు అంత దూరం అనవసరం, సేవాలోపం అని వేస్తే చాలు.

ఇదే ధోరణిలో ఇంకొందరు అడుగుతున్నారు కాబట్టి రెండు ముక్కలు. "ప్రమాదం జరిగితే మాకు సంబంధం లేదు" అని బస్సులోనో టికెట్ మీదో ఉంటే, ప్రయాణికుడి ప్రాణానికి, గాయానికి సంబంధించినంత వరకు అది చెల్లదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 92 నేరుగానే అంటుంది. కంకర టిప్పర్ల వెనక "దూరంగా ఉండండి, రాళ్లు పడితే మాది బాధ్యత కాదు" అన్న రాతకైతే ఆ మాత్రం ఆధారమూ లేదు. వెనకాల వచ్చే మీకూ ఆ లారీకీ ఒప్పందమెక్కడిది? పైగా రాళ్లు పడతాయని తనకు ముందే తెలుసని ఒప్పుకున్నట్టవుతుంది. కాకపోతే మరీ ఆనుకుని నడిపితే మీ తప్పు కూడా కొంత లెక్కేసి పరిహారం తగ్గించొచ్చు.

ఇక ఆ 17 నంబరు చీటీ ముక్క. స్టేషన్లోగానీ ట్రావెల్స్ ఆఫీసులోగానీ ఎవరడిగినా జిరాక్సే ఇవ్వండి. "చూసి ఇచ్చేస్తాం" అన్నా సరే అసలుది చేతిలోంచి వదలొద్దు.