ఇంటర్వ్యూలో అణువును తిప్పి చూపించాలా?

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పూర్తయింది. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో పావుగంట ప్రజెంటేషన్ ఇవ్వాలి. ఏబీఎల్ కైనేజ్ అనే ఎంజైములో ఇమాటినిబ్ అనే రక్తక్యాన్సర్ మందు ఎలా ఇముడుతుందో కంప్యూటర్‌లో చూడటం (డాకింగ్) నా ప్రాజెక్టు. త్రీడీ నమూనాను అక్కడికక్కడే తిప్పి చూపితే మంచిదా, బొమ్మలు సరిపోతాయా?

జవాబు: ఊరికే గిరగిరా తిప్పితే ఎవరూ మెచ్చుకోరు. ప్యానెల్‌లో కూర్చునేవాళ్లు అలాంటివి బోలెడు చూసి ఉంటారు. తిప్పితే తప్ప తెలియని విషయం ఉన్నప్పుడే తిప్పండి. మీ ప్రాజెక్టులో అలాంటి చోటు ఒకటుంది. ఎంజైములో 315వ స్థానంలోని థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లంతో ఇమాటినిబ్‌కు హైడ్రోజన్ బంధం ఏర్పడుతుంది. దాని బదులు ఐసోల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం వచ్చిందంటే ఆ బంధం పోతుంది, పైగా దాని పక్కగొలుసు మందుకు అడ్డం పడుతుంది. ఆ ఉత్పరివర్తన (మ్యుటేషన్) ఉన్న రోగులకు ఇమాటినిబ్ పనిచేయదు. మామూలు బొమ్మలో ఆ ఇరుకు సరిగా కనిపించదు. నమూనాను కాస్త వాల్చితే ఇట్టే అర్థమవుతుంది.

అణువుల నమూనాలు చూపే కైమెరాఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో నమూనాను జీఎల్‌బీ అనే త్రీడీ ఫైలుగా సేవ్ చేసి, పవర్‌పాయింట్‌లో త్రీడీ మోడల్‌గా పెట్టుకోవచ్చు. రెండు స్లైడ్లలో రెండు కోణాల్లో ఉంచి మధ్యలో మార్ఫ్ ట్రాన్సిషన్ ఇస్తే నున్నగా తిరుగుతుంది. కానీ ఆ ఫైల్లో ఉండేది ఉత్త ఆకారమే. 'ఆ రెండు పరమాణువుల మధ్య దూరమెంత?' అని అడిగితే అందులో కొలవలేరు. నిజానికి మీకు మార్కులు పడేది అలాంటి ప్రశ్న దగ్గరే! అందుకని కైమెరాఎక్స్‌నో అలాంటిదే అయిన పైమాల్‌నో వెనకాల తెరిచి ఉంచుకోండి. కావాల్సిన కోణాలను ముందే సీన్లుగా దాచుకుంటే అందరి ముందూ మౌస్‌తో వెతుక్కునే పని ఉండదు.

ల్యాప్‌టాప్ 'ఎక్స్‌టెండ్' మోడ్‌లో ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ విండో మీ తెర మీదే తెరుచుకోవచ్చు. మీరు వివరిస్తూనే ఉంటారు, ప్యానెల్‌కు పాత స్లైడే కనిపిస్తుంటుంది. 'డూప్లికేట్' పెట్టుకుని ఇంట్లోనే ఒకసారి సాధన చేయండి. ప్రోటీన్ నిర్మాణాల ఆన్‌లైన్ భాండాగారమైన పీడీబీ నుంచి 1ఐఈపీ ఫైలును (ఏబీఎల్‌లో ఇమాటినిబ్ ఇమిడి ఉన్న నిర్మాణం) ముందే దించుకోండి, అక్కడి వైఫైని నమ్ముకోవద్దు. సన్నగీతలు ప్రొజెక్టర్‌లో ఆనవు కాబట్టి మందును లావుపాటి స్టిక్స్‌గా చూపండి. సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే చూపడానికి చిన్న వీడియో కూడా ఉండాలి.

ఇక రెజ్యుమె సంగతి. 'పైమాల్ వచ్చు' అని రాస్తే పెద్దగా బరువుండదు. బొమ్మలన్నీ మౌస్‌తో కాకుండా కమాండ్ స్క్రిప్టులతో తయారుచేసి, వాటిని ఆన్‌లైన్‌లో పెట్టి లింకు ఇవ్వండి. కంప్యూటేషనల్ కెమిస్ట్రీ ల్యాబ్‌లకు దరఖాస్తు చేస్తుంటే ఆ లింకు మొదటి పేజీలోనే ఉండాలి.