తాత ఏ భుజం మీద మోశాడో అడుగు

తమ్ముడూ,

నువ్వు పంపిన నలభై పేజీలు రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిలు పట్టుకుని. పాలమూరులో ఒక కూలి కుటుంబం నాలుగు తరాల కథ రాయాలని కూర్చున్నావంటేనే నాకు చాలా సంతోషం. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. తొందరపడి రాయదగిన ఉత్తరం కాదనిపించింది.

ముందు నాకు అడ్డం తగిలిన సంగతి చెప్తాను. నీ పేజీల్లో "నిరుపేద", "కన్నీళ్లు", "చీకటి బతుకులు" అన్న మాటలు అడుగడుగునా ఉన్నాయి. కానీ నలభై పేజీలు అయిపోయాక కూడా మీ తాత ఏం పని చేశాడో నాకు తెలియలేదు. "సాగర్ డ్యామ్ పనికి పోయాడు" అని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. పోయి ఏం చేశాడు? రాయి కొట్టాడా, మోశాడా, మాలు కలిపాడా, గోడ కట్టాడా? కూలీలను పోగుచేసి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పోయాడా, బంధువుల వెంట పోయాడా? మీ అవ్వ వెంట పోయిందా, ఊళ్లోనే ఉందా? ఇవి తెలియకపోతే ఆయన నాకు ఒక పేదవాడు మాత్రమే, మీ తాత కాడు.

చాలా ఏళ్ల కింద వనపర్తి వైపు ఒక ఊళ్లో, సాగర్‌లో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాను. నేనూ అప్పుడు నీలాగే అడిగాను, "అప్పటి జీవితం ఎట్లుండె పెద్దయ్యా?" అని. "ఏమున్నది బిడ్డా, కష్టం జేసినం, బతికినం" అన్నాడు. ఎటు తిప్పి అడిగినా అదే జవాబు. గంట గడిచింది, నా నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు. లేచి వచ్చేద్దామనుకుంటూ, ఏమీ తోచక అడిగాను, "రాయి ఏ భుజం మీద మోసేటోడివి?" అని.

ఆయన ఆగాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి, మడిచి, చుట్టలా చేసి ఎడమ భుజం మీద పెట్టుకున్నాడు. "ఎడమది. కుడిచేతిల ఊతకట్టె ఉంటుండె గద." తువ్వాలు తీసి చూపించాడు. భుజం ఎముక మీద సగం నిమ్మకాయంత బొడిపె. బొంగుకు మోకు కట్టి, మధ్యలో రాయి వేలాడదీసి, ముందొకరు వెనకొకరు మోసేవాళ్లట. ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనకవాడి మీదికి జారుతుంది. "అందుకే నేను, మా బామ్మర్ది పూటకొకలం మారేటోళ్లం" అన్నాడు. అప్పటిదాకా లోపల పొయ్యి దగ్గరున్న ఆయన భార్య గడప దాకా వచ్చి నిలబడింది. "మా అన్న ఎన్నడు ఎనక నిలవడలే. అన్నేండ్లు నువ్వే మోసినవ్. నాకు ఎరుకలేదనుకున్నవా?" అంది. ఆయన తల దించుకుని తువ్వాలు మడత విప్పుతూ ఉండిపోయాడు. ఇద్దరూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. రాతితో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే పెద్దదని బడిలో చదువుకున్నాం. ఆ రాయి మనుషుల భుజాల మీదుగా పోయింది. భార్య అన్నను ముందు నడిపించి తను వెనక మోసిన మనిషి సంగతి ఆ ఇంటి గడప దాటి బయటికి రాలేదు. అది రాయడానికే నువ్వున్నావు. "కష్టపడ్డాడు" అని రాస్తే ఆ సంగతి చచ్చిపోతుంది.

కాబట్టి బతుకు గురించి అడగకు, పని గురించి అడుగు. ఏ పనిముట్టు, ఎవరిచ్చారు, ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడ నొప్పి పుట్టేది, పక్కన ఎవరుండేవారు, మధ్యాహ్నం సద్ది ఎవరు తెచ్చేవారు? పని చెప్తున్నప్పుడు మనుషులకు చేతులు కదులుతాయి, చేతులు కదిలాక మాటలు వాటంతటవే వస్తాయి. మీ పిన్ని బొంబాయిలో ఏళ్ల తరబడి ఇసుక, కంకర మోసిందని రాశావు. తట్ట కింద పెట్టుకునే చుట్ట ఏ బట్టతో చేసుకునేదో అడిగావా? చంటిబిడ్డను ఎక్కడ పడుకోబెట్టేదో? బొంబాయి బస్సు ఎక్కే రోజు ఇంట్లో ఎవరికి ఏం అప్పగించి పోయేదో?

ఇక తేదీల విషయం. మీ అవ్వకు తన పుట్టిన సంవత్సరం తెలియదని నువ్వు బాధపడ్డావు. ఆమెకు సంవత్సరం తెలియదు కానీ కాలం బాగా తెలుసు. రజాకార్ల గడబిడకు ఎంత ఉండేదో అడుగు. పోలీస్ చర్య ముగిసింది 1948 సెప్టెంబరులో. అప్పటికి గొడ్ల వెంట పోయేంత పిల్లా, చంకన ఎత్తుకునే పిల్లా? పెద్దకొడుకు కృష్ణ పుష్కరాలకు ముందు పుట్టాడా తర్వాతా? 1968, 1980, 1992, 2004, 2016, పన్నెండేళ్లకోసారి అవే నీకు మైలురాళ్లు. 1972 కరువు, 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం, 1984లో ఇందిరమ్మ చనిపోయిన రోజు, వీటిని గుర్తుపట్టని ఇల్లు ఉండదు. రెండు రూపాయల బియ్యం దగ్గర మాత్రం కాసేపు ఆగు. జొన్నరొట్టె, జొన్నగటక తినే ఇంట్లో రోజూ అన్నం వండటం ఎప్పుడు మొదలైంది, మొదట ఎవరికి పెట్టారు, ఎవరికి ఇష్టం లేదు, అడిగి చూడు. మీ తాత స్కూలు రిజిస్టరులో జూన్ ఒకటి అని పుట్టినరోజు దొరికితే నమ్మేయకు. బడిలో చేర్చుకునేటప్పుడు సార్లు అంచనాతో వేసిన తేదీలు అలాంటివి చాలా ఉంటాయి.

కాగితాల కోసం వెతుకు, కానీ ఏ కాగితం ఏం చెప్తుందో తెలుసుకుని వెతుకు. జనాభా లెక్కల్లో మీ ఇంటివాళ్ల పేర్లు దొరుకుతాయనుకున్నావు. దొరకవు. 1948 నాటి సెన్సస్ చట్టం ప్రకారం మనిషి మనిషికీ రాసుకున్న వివరాలు రహస్యం, బయటికి ఇవ్వరు. నీకు పనికొచ్చేది భూమి కాగితం. 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో రాసిన అప్పటి రిజిస్టరు, దాని నకలు తహసీల్దారు ఆఫీసులో అడుగు. అందులో పట్టాదారు పేరు ఒక చోట, భూమి ఎవరి కబ్జాలో, అంటే ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్ల పేరు ఒక చోట ఉంటాయి. పట్టాదారు చోట దొర పేరుండి, కబ్జా చోట మీ ముత్తాత పేరు కనబడవచ్చు. 1950 కౌలు చట్టం కింద రక్షిత కౌలుదారుల జాబితాలు కూడా తయారయ్యాయి, అవీ చూడు. అంతకు ముందువి ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ చదివే పెద్దమనిషిని ఒకరిని వెంట తీసుకుపో. ఫసలీ సంవత్సరం, అంటే నిజాం కాలపు శిస్తు లెక్కల సంవత్సరం కనబడితే 590 కలుపుకో: 1358 ఫసలీ అంటే 1948-49. రూపాయల లెక్క ఉంటే అది నిజాం రూపాయి హాలీ సిక్కానా, ఇండియా రూపాయా అని చూడు, రెండూ ఒకటి కావు. హైదరాబాద్ తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, ఒకసారి వెళ్లి కూర్చో. ఏ జిల్లా పేరుతో వెతకాలో కూడా చూసుకో. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్‌ను ముక్కలు చేశారు, 2019లో నారాయణపేట కూడా వేరైంది. మీ అవ్వ కాలు కదపకుండానే నిజాం రాజ్యంలో పుట్టి, హైదరాబాద్ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్ దాటి తెలంగాణలో ముసలిదైంది.

ఆ రిజిస్టర్లలో ఆడవాళ్లను వెతుకుతుంటే నాకు గుండె పిండినట్టు ఉండేది. ఫలానావాడి బేవా అని ఉంటుంది. అంటే విధవరాలు. భర్త పోతే తప్ప ఆమె కాగితం ఎక్కలేదు, ఎక్కినప్పుడూ చాలాసార్లు సొంత పేరుతో కాదు. మీ ముత్తవ్వ పేరు నీ పేజీల్లో లేదు. ఆమె పేరు చెప్పగల మనిషి ఇప్పుడు మీ అవ్వ ఒక్కతే కావచ్చు. మిగతావన్నీ పక్కనపెట్టి ముందు ఆ పేరు రాసుకో.

ఇంకొకటి. నలభై పేజీల్లో ఎక్కడా మీ కులం రాయలేదు. ఎందుకు దాటేశావో నాకు అర్థమైంది, దాని వెనక నొప్పి ఉందనీ తెలుసు. కానీ ఇల్లు ఊరికి ఏ దిక్కున ఉండేది, ఏ బాయిలో నీళ్లు తోడుకోనిచ్చేవారు, ఎవరి ఇంటికి వెట్టికి పోవాల్సి వచ్చేది, హోటల్లో ఏ గ్లాసులో చాయ్ పోసేవారు, వీటన్నిటినీ తేల్చింది కులమే. అది తీసేస్తే మీవాళ్లకు జరిగినవన్నీ విధి రాతలా కనబడతాయి. చేసినవాళ్లు తప్పించుకుపోతారు.

పైగా కులం వైపు నుంచి నీకు ఒక పెద్ద ఖజానా ఉంది. మన దగ్గర ఒక్కో కులాన్ని నమ్ముకుని కథ చెప్పేవాళ్లు ఉన్నారు. మాదిగలకు డక్కలివాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, గొల్లలకు మందెచ్చులవాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు. పటం విప్పో, కిన్నెర మీటో కులపురాణం చెప్పి, తమకు రావాల్సింది తీసుకుని పోయేవాళ్లు. తరాల తరబడి అవే గడపలకు తిరిగిన మనుషులు వాళ్లు. ఏ ఇల్లు ఏ ఊరి నుంచి వచ్చిందో, ఎవరి వంశం ఎక్కడ ఆగిపోయిందో మీ ఇంట్లో మరిచిపోయినవి వాళ్లకు గుర్తుండవచ్చు. మీ ఊరికి వచ్చే పెద్దమనిషి ఇంకా ఉంటే వెంటనే వెళ్లి కలువు. వాళ్ల పిల్లలు చాలామంది ఇప్పుడు ఆ పనిలో లేరు.

నా తప్పొకటి చెప్తాను, నీకు పనికొస్తుంది. మా తాత 1972 కరువులో రెండెకరాలు అమ్ముకున్నాడని మా ఇంట్లో అందరూ చెప్పేవాళ్లు. నేనూ అట్లాగే రాశాను, అచ్చయింది. తర్వాత మా పెద్దమ్మ చనిపోయినప్పుడు ఆమె ట్రంకుపెట్టె అడుగున ఒక సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేని అమ్మకం కాగితం దొరికింది. నాలుగు మడతల మామూలు కాగితం, మడతల దగ్గర చిరిగి, కింద నల్లటి వేలిముద్ర. తేదీ 1969. కరువుకు మూడేళ్ల ముందు! మా నాన్నను అడిగితే చాలాసేపు తప్పించుకుని చివరికి చెప్పాడు. మా చిన్నత్తకు పదహారేళ్లప్పుడు క్షయ వచ్చింది. ఆ పొలం ఆమె మందులకు పోయింది. ఆ మాట బయటికి వస్తే పిల్లకు పెళ్లి కాదని ఇంటిల్లిపాదీ నెపం కరువు మీద పెట్టారు. చెప్పీ చెప్పీ చివరికి వాళ్లే నమ్మారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముందు కోపం వచ్చింది, నాతో అబద్ధం అచ్చువేయించారని. తెల్లారేసరికి కోపం పోయింది. ఒక ఆడపిల్ల కోసం రెండెకరాలు అమ్మి, ఆ పిల్ల కోసమే యాభై ఏళ్లు ఒకే మాట మీద నిలబడిన ఇల్లు మాది. నేను రాయాల్సింది అది. కాగితాన్ని నిజమని, ఇంటి మాటను అబద్ధమని కొట్టేసి ఉంటే ఇది నాకు కనబడేది కాదు. రెండూ రాసుకో, మధ్యలో ఎందుకు తేడా వచ్చిందో వెతుకు.

కానీ అత్త బతికున్నంతకాలం నేను అది రాయలేదు. ఆమె పోయాక ఆమె కొడుకును అడిగి, చదివి వినిపించి, అతను సరేనన్నాకే రాశాను. నీ పేజీల్లో మీ చిన్నాన్న తాగుడు గురించి, భార్య ఇల్లు వదిలిపోవడం గురించి ఉంది. బాగా రాశావు, నీ రాతలో బలమున్న చోటు అదే. అయినా ఆ ఇద్దరూ బతికే ఉన్నారు, వాళ్ల కూతురు కాలేజీలో చదువుతోంది. ఆ పిల్ల చదివి తట్టుకోగలదా అని ఆలోచించు. వాళ్లను అడుగు. వద్దంటే దాచిపెట్టు. కొన్ని పేజీలు పదేళ్లు బీరువాలో ఉంటే నష్టం లేదు.

భాష గురించి అడిగావు. అవ్వ మాటను అవ్వ మాటగానే ఉంచు. "దేశం పోయిండ్రు" అని ఆమె అంటే "వలస వెళ్లారు" అని దిద్దకు. ఊరు దాటితే చాలు, పరాయి దేశం పోయినట్టే ఉండేదని ఆ ఒక్క మాటలో ఉంది. వలస అనే మాట ఆఫీసర్లది, పేపర్లది.

వయసు డెబ్బై దాటినవాళ్లతో మొదలుపెట్టు. ఎనిమిది మంది పేర్లు నీ ఉత్తరంలోనే ఉన్నాయి, వాళ్లలో ఇద్దరికి ఆరోగ్యం బాగాలేదని నువ్వే రాశావు. చదువుకోవాల్సిన పుస్తకాల లిస్టు పంపమన్నావు, అది తర్వాత పంపుతాను. ఈ ఆదివారం ఊరికి పో. అవ్వ జొన్నలు చెరిగేటప్పుడు పక్కన కూర్చో, ఫోన్లో రికార్డింగ్ పెట్టానని ముందే చెప్పు. ఇంటికి రాగానే రికార్డింగుకు తేదీ, పేరు పెట్టి ఇంకో చోట కూడా దాచు. నా దగ్గర మూడు క్యాసెట్లు బూజుపట్టి పోయాయి, ఆ గొంతులు మళ్లీ దొరకవు.

సాగర్ సంగతి ఆమె కూడా వెంట పోయి చూసిందో లేదో అడుగు. పోయి ఉంటే తాత ఏ భుజం మీద మోసేవాడో ఆమెకు తెలిసే ఉంటుంది. ఏం చెప్పిందో నాకు రాయి.

మీ అక్క