కొత్తగా బిగించిన కంప్యూటర్‌లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం రావడం లేదు. ప్రాసెసర్ పోయిందని షాపువాళ్లు అంటున్నారు. నమ్మాలా?

నమ్మకండి. మీ ప్రాసెసర్‌ను ఏ మదర్‌బోర్డులో పెట్టి చూశారో, ఆ బోర్డులో ఏ బయోస్ (మీట నొక్కగానే బోర్డును మేలుకొలిపే ప్రోగ్రాం) ఉందో వాళ్లు చెప్పేదాకా అసలే నమ్మకండి.

మీరు రాసిన లక్షణాలన్నీ నాకు తెలిసినవే. మీట నొక్కగానే ఫ్యాన్లు తిరుగుతాయి, రంగు దీపాలు వెలుగుతాయి, మానిటర్ మాత్రం సిగ్నల్ లేదంటుంది. ఇంతమాత్రానికే ప్రాసెసర్ పోయిందని తేల్చేయడం అన్యాయం. ఫ్యాక్టరీలో పరీక్షలన్నీ దాటి వచ్చిన ప్రాసెసర్, పెట్టె విప్పేసరికే పాడై ఉండటం చాలా అరుదు. అయినా ఆ మాట కౌంటరు వెనక నుంచి ఎంత తేలిగ్గా వస్తుందో మా ఇంట్లోనే చూశాను.

మా అక్కావాళ్లు బెంగళూరులో కేఆర్ పురంలో ఉంటారు. వాళ్లబ్బాయి ఆర్కిటెక్చర్ చదువుతున్నాడు. త్రీడీ నమూనాలు తెరిస్తే పాత ల్యాప్‌టాప్ మొరాయిస్తోందని, తను దాచుకున్న డబ్బుకు మా బావ ఇంకొంత కలిపితే, ఎస్పీ రోడ్డుకు వెళ్లి కొత్త కంప్యూటర్‌కు సామాను కొన్నాడు. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 9600ఎక్స్ ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, డీడీఆర్5 ర్యామ్, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టె, క్యాబినెట్ అన్నీ ఒకే షాపులో, ఒకే బిల్లు మీద. రాత్రంతా కూర్చుని తనే బిగించుకున్నాడు. మీట నొక్కితే అచ్చం మీకు జరిగినట్టే జరిగింది.

మర్నాడు బోర్డును పెట్టెలో పెట్టుకుని మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, చిక్‌పేటలో దిగి మళ్లీ అదే షాపుకు వెళ్లాడు. వాళ్లు ప్రాసెసర్ ఊడదీసి తమ దగ్గరున్న ఇంకో బోర్డులో పెట్టారు. అందులోనూ స్క్రీన్ రాలేదు. అంతే, తీర్పు వచ్చేసింది: ప్రాసెసర్ పోయింది, కంపెనీకి పంపాలి, వారాలు పడుతుంది. పైగా, "బిగించేటప్పుడు ప్రాసెసర్ పిన్నులు వంచేసి ఉంటావు, వారంటీ ఇస్తారో లేదో" అని భయపెట్టారు. వాడు కొన్నలాంటి ఏఎం5 సాకెట్ ప్రాసెసర్‌కు అసలు పిన్నులే ఉండవు. అడుగున చదునైన బంగారు రంగు చుక్కలుంటాయి, పిన్నులన్నీ బోర్డు మీది సాకెట్‌లో ఉంటాయి. అది తెలియనివాళ్లు కుర్రాడి మీద నేరం మోపారు. నాకు ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ సాయంత్రం అక్క ఫోను చేసింది. "వీడు అన్నం ముట్టడం లేదే, ఒకసారి వచ్చి చూడవే" అంది. నేను ఆస్పత్రుల్లో ల్యాబ్ యంత్రాలు బాగుచేసే ఉద్యోగం చేస్తాను. ఏ యంత్రమైనా ఎక్కడ ఆగిందో అదే చెబుతుంది, మనం చూడాలంతే. విడిభాగాలు మార్చి మార్చి చూడటం ఆ తరువాతి సంగతి.

వెళ్లగానే ముందు ఆ రంగురంగుల ఫ్యాన్ల దీపాల తీగ పీకించాను. వాడు విలవిల్లాడాడు. కానీ ఆ వెలుగులో బోర్డు మీద అసలు చూడాల్సినది కనిపించడం లేదు. మదర్‌బోర్డు కుడి అంచున, 24 పిన్నుల పెద్ద కరెంటు కేబుల్‌కు దగ్గరలో, బియ్యపు గింజకన్నా చిన్న లైట్లు నాలుగుంటాయి. వాటి పక్కన సీపీయూ (ప్రాసెసర్), డ్రామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్కు నుంచి మొదలవడం) అని సన్నని అక్షరాలుంటాయి. బోర్డు మేలుకునేటప్పుడు వాటిని వరసగా వెలిగించి ఆర్పుతుంది. ఏ లైటు ఆరకుండా నిలిచిపోతే అక్కడ ఆగిందన్నమాట. గదిలో ట్యూబులైటు కూడా ఆర్పేసి మీట నొక్కాం. సీపీయూ లైటు ఎర్రగా వెలిగి, అలాగే ఉండిపోయింది.

"చూశావా పిన్నీ, ప్రాసెసరే పోయింది" అన్నాడు వాడు, ఏడుపు గొంతుతో.

ఆ లైటుకు అర్థం ప్రాసెసర్ పోయిందని కాదు, బోర్డుకూ ప్రాసెసర్‌కూ మాట కలవలేదని. ఎందుకు కలవలేదన్నది వేరే ప్రశ్న. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల కేబుల్ గట్టిగా దిగి ఉంది. సాకెట్‌లో పిన్నులను ఫోను టార్చి ఏటవాలుగా వేసి చూశాను, ఒక్కటీ వంగలేదు. ఇక మిగిలింది బయోస్. బోర్డు మీద వెర్షన్ నంబరున్న చిన్న కాగితం ముక్క అంటించి ఉంది. కంపెనీ సైటులో ఆ బోర్డు పేజీ తెరిచి, ఏ ప్రాసెసర్‌కు ఏ వెర్షన్ కావాలో ఇచ్చిన పట్టిక చూశాం. 9600ఎక్స్‌కు కావాల్సిన వెర్షన్ మా బోర్డులో ఉన్నదానికన్నా చాలా కొత్తది.

ఇందులో వింతేమీ లేదు. బీ650 బోర్డులు 2022 చివర్లో మార్కెట్లోకి వచ్చాయి, రైజెన్ 9000 వరస 2024 ఆగస్టులో వచ్చింది. అంతకు ముందు తయారై గోదాములో కూర్చున్న బోర్డుకు ఈ ప్రాసెసర్ ఎవరో తెలియదు. సాకెట్ ఒకటే కాబట్టి చక్కగా కూర్చుంటుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, పని మాత్రం మొదలవదు. మరి షాపులో పరీక్షించిన బోర్డో? వాడి ఫోనులో ఫొటో ఉంది. అదే మోడల్, అదే అరలోంచి తీసిన పాత సరుకు. అక్కడా రాకపోవడంలో ఆశ్చర్యమేముంది?

ఆ బోర్డుకు అదృష్టవశాత్తూ వెనకవైపు ఫ్లాష్ మీట ఉంది. అసుస్ దాన్ని బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అంటుంది, గిగాబైట్ క్యూ-ఫ్లాష్ ప్లస్ అంటుంది, ఎంఎస్ఐ ఫ్లాష్ బయోస్ బటన్ అంటుంది. ప్రాసెసర్, ర్యామ్ లేకున్నా, కరెంటు కేబుళ్లు ఉంటే చాలు, పెన్ డ్రైవ్ నుంచి కొత్త బయోస్ ఎక్కించుకుంటుంది. పెన్ డ్రైవ్‌ను ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేయాలి, ఫైలుకు కంపెనీ చెప్పిన పేరే పెట్టాలి, వెనక గుర్తు వేసి ఉన్న యూఎస్‌బీ రంధ్రంలోనే గుచ్చాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా లైటు కాసేపు మిణుకుమని ఊరుకుంటుంది. వర్షాకాలం, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, అందుకని బావ చేత ఇంటి ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌కు మార్పించి ఆ తరువాతే మీట నొక్కాను.

మిణుకు ఆగింది. కంప్యూటర్ ఆన్ చేశాం. ఎర్ర లైటు వెలిగి ఆరిపోయింది! పసుపుపచ్చ లైటు వచ్చింది, డ్రామ్ దగ్గర. స్క్రీన్ ఇంకా నల్లగానే ఉంది. వాడి చెయ్యి పవర్ మీట మీదికి వెళ్లింది. "చెయ్యి తియ్యి" అని కసిరాను.

ఈ ఒక్క సంగతి కోసమైనా ఈ జవాబు చదవండి. డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త బోర్డు మొదటిసారి మేలుకునేటప్పుడు, ర్యామ్‌తో ఏ వేగంలో, ఏ వోల్టేజీలో తప్పుల్లేకుండా మాట్లాడగలదో ఒక్కో తీగనూ సరిచూసుకుంటుంది. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. కొన్ని నిమిషాలు పడుతుంది, ర్యామ్ ఎక్కువైతే ఇంకా పడుతుంది. మధ్యలో తనంతట తాను ఆగి మళ్లీ మొదలవడం కూడా మామూలే. ఆ కొలతలు దాచుకుంటుంది కాబట్టి తరువాత అంతసేపు పట్టదు. జనం చేసే పని ఏమిటంటే, అర నిమిషం చూసి మీట నొక్కి ఆపేస్తారు. దాంతో అంతా మళ్లీ మొదటికి వస్తుంది. ఇలా రోజంతా ఆపి ఆపి, చివరికి బోర్డు పోయిందని వాపసు ఇచ్చినవాళ్లు ఎంతో మంది ఉంటారని నా గట్టి నమ్మకం.

అక్క కంచంలో పెరుగన్నం తెచ్చి వాడి చేతికిచ్చింది. వాడు లైటు వంక చూస్తూ తిన్నాడు. కంచం ఖాళీ కాకముందే మానిటర్ వెలిగింది, ప్రాసెసర్ పేరు తెర మీద కనబడింది.

ఇప్పుడు నా ఫిర్యాదు. ప్రాసెసర్, బోర్డు ఒకే షాపులో ఒకే బిల్లు మీద అమ్మినప్పుడు, ఆ రెండూ కలిసి పనిచేస్తాయని చూసి ఇచ్చే బాధ్యత అమ్మినవాళ్లది కాదా? ఇది నిన్న మొన్నటి సమస్యా కాదు. 2018లో పాత బోర్డుల్లో కొత్త రైజెన్ పనిచేయక జనం ఇబ్బంది పడితే, బయోస్ మార్చుకునే వరకు వాడుకోమని ఏఎండీయే వాళ్లకు ప్రాసెసర్లు అరువిచ్చింది. ఇంటెల్‌లోనూ అంతే, 2021 చివర్లో రావడం మొదలైన 600 వరస బోర్డుల్లో 13వ తరం ప్రాసెసర్ పెట్టాలంటే బయోస్ మార్చాల్సిందే. ఇన్నేళ్ల తరువాత కూడా రోజూ ఇవే అమ్ముకునేవాళ్లకు ఈ సంగతి తట్టలేదంటే నేను ఒప్పుకోను. బయోస్ వెర్షన్ బిల్లు మీద రాసివ్వాలి. టీవీ కొంటే వెలిగించి చూపిస్తారు కదా, అంత డబ్బు పోసిన బోర్డును ఎందుకు చూపించరు?

కొనేవాళ్లకూ ఒక మాట. రంగు ఫ్యాన్లకు వేలు పోసి ఎస్‌ఎంపీఎస్ దగ్గర పిసినారితనం చూపకండి. మా వాడు సరిగ్గా అదే చేశాడు, తరువాత నేను పట్టుబట్టి మార్పించాను. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కంప్యూటర్ తగిలించడం కూడా మానండి, ఎర్తింగ్ లేకపోతే క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది.

మీ విషయానికి వస్తే, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుల్ దానికే తగిలించారా చూడండి, చాలామంది బోర్డుకు తగిలిస్తారు. ర్యామ్ రెండు స్టిక్కులైతే ప్రాసెసర్ వైపు నుంచి రెండో గాడిలో, నాలుగో గాడిలో ఉండాలి. తరువాత ఏ లైటు నిలిచిపోతోందో చూడండి. డ్రామ్ అయితే మీట ముట్టుకోకుండా పావుగంట వదిలేయండి, అప్పటికీ కదలకపోతే ఒక్క స్టిక్కుతో ప్రయత్నించండి. సీపీయూ అయితే బయోస్ వెర్షన్ పట్టికలో చూడండి. ఫ్లాష్ మీట లేని చౌక బోర్డయితే షాపుకు వెళ్లక తప్పదు. అప్పుడు బోర్డు, ప్రాసెసర్ రెండూ తీసుకెళ్లి, ముందు పాత వరస ప్రాసెసర్ పెట్టి బయోస్ కొత్తది ఎక్కించి, ఆ తరువాత మీ ప్రాసెసర్‌ను మీ ఎదురుగా పెట్టి చూపించమని అడగండి. అది చేయకుండా ప్రాసెసర్‌ను కంపెనీకి పంపుతామంటే ఇవ్వకండి. ఆ షాపు కాదంటే పక్క షాపులో అడగండి, కొంచెం డబ్బు తీసుకుని చేసిపెట్టేవాళ్లు దొరుకుతారు.