టాన్సిల్స్ ఆపరేషన్: బాబుకు నొప్పి ఉంటుందని ముందే చెప్పండి

చెల్లె, మీ ఆరేళ్ల బాబుకు వచ్చే వారం టాన్సిల్స్ తీస్తున్నారు, వాడికి ఏమని చెప్పాలి, ఇంటికొచ్చాక ఎట్లుంటుంది అని అడిగారు. మా పాపకు రెండో తరగతిలో, దసరా సెలవులు చూసుకుని నల్లగొండలో చేయించాం. నేను చేసిన తప్పు మీరు చేయొద్దనే రాస్తున్నా.

"ఏం నొప్పి ఉండదు బిడ్డా, పడుకుని లేస్తే ఐస్‌క్రీం" అని చెప్పాను. మత్తు దిగి లేచేసరికి గొంతంతా మంట. ఇక నా మాట నమ్మలేదు. సిరప్ తీసుకుని దగ్గరికి పోతే నోరు గట్టిగా మూసుకునేది, నీళ్లు కూడా మింగలేదు. తాగకపోతే గొంతు ఎండి నొప్పి పెరుగుతుంది, పెరిగితే ఇంకా తాగరు. రెండో రోజు రాత్రి మా ఆయన పక్కన కూర్చుని "అవును, వారం పది రోజులు నొస్తుంది, కానీ మందు తాగితే కొంచెం సేపటికి తగ్గుతుంది, అప్పుడు నీళ్లు తాగుదువు" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. అప్పుడు నోరు తెరిచింది. మీరు ఈ మాట ఇప్పుడే చెప్పండి.

ఆపరేషన్ ముందు ఎప్పటి నుంచి ఏమీ పెట్టొద్దో డాక్టర్ చెప్తారు. మామూలుగా అన్నం, పాలు ఆరు గంటల ముందు ఆపమంటారు, మంచినీళ్లు రెండు గంటల ముందు. ఏడుస్తున్నాడని నానమ్మ బిస్కెట్ పెట్టకుండా చూసుకోండి, మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జలుబు, జ్వరం ఉంటే దాచొద్దు, వాయిదా పడితే పడనీయండి. ఆరేళ్లంటే పాలపళ్లు ఊడే వయసు, పన్ను కదులుతుంటే మత్తు డాక్టర్‌కు చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా రక్తం తొందరగా ఆగని జబ్బు ఉంటే అది కూడా.

ఇంటికొచ్చాక గొంతులో తెల్లగా పొరలాగా కనిపిస్తుంది, నోరు వాసన వస్తుంది. చీము అనుకుని నేను భయపడ్డా, కానీ అది మానుతున్న పుండు మీద కట్టే పొర. మూడు నాలుగు రోజులకు చెవి నొప్పి అంటాడు, చెవిలో ఏమీ ఉండదు, గొంతుకూ చెవికీ నరం ఒకటే కాబట్టి అక్కడ నొప్పి ఇక్కడ తెలుస్తుంది. పారాసిటమాల్ బరువును బట్టి ఎంత రాశారో అంత, ఏడ్చాక కాదు, టైమ్‌కు ఇవ్వండి, రాత్రి కూడా లేపి. ఆస్పిరిన్ ఇవ్వొద్దు. డాక్టర్‌ను అడగకుండా మెడికల్ షాపు నుంచి వేరే నొప్పి మందు, దగ్గు మందు తేవొద్దు. మా పాప చల్లారిన రాగి జావ, పెరుగన్నం తిన్నది. పండగకు చేసిన మురుకులు మాత్రం అటక మీద పెట్టేశాం. ఎర్ర రంగు జ్యూస్, ఎర్ర ఐస్‌క్రీం వద్దు, వాంతి అయితే రక్తమో రంగో తెలియదు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇది. ఐదో రోజు నుంచి పదో రోజు దాకా ఆ పొర ఊడుతుంది, రక్తం వచ్చే ప్రమాదం అప్పుడుంటుంది. మా పాపకు ఆరో రోజుకు నొప్పి తగ్గింది, బతుకమ్మ ఆడతానని ఒకటే గోల. గెంతొద్దని ఇంట్లోనే ఉంచాం. ఏడో రాత్రి నిద్రలో మాటిమాటికీ గుటకలు మింగుతోంది. అనుమానం వచ్చి లైటేసి లేపితే ఉమ్మిలో ఎర్రటి రక్తం. వెంటనే హాస్పిటల్‌కు పోయాం, ఆగిపోయింది, ఒక రోజు చూసి పంపించారు. ఆ పది రోజులు దేవరకొండ దగ్గర మా ఊరికి పోకుండా నల్లగొండలో మా అక్క ఇంట్లోనే ఉన్నాం కాబట్టి పది నిమిషాల్లో చేరాం.

మీ ఊరు హాస్పిటల్‌కు దూరమైతే పది రోజులు టౌన్‌లోనే ఎవరింట్లోనైనా ఉండండి. అర్ధరాత్రి ఏ నంబర్‌కు ఫోన్ చేయాలో డిశ్చార్జ్ అయ్యే ముందే రాయించుకోండి. రక్తం ఎక్కువగా వస్తే 108 కు చేయండి, ఆలోచిస్తూ కూర్చోవద్దు.