ఇంట్లో మంచే నేర్పాం, అయినా మావాడు ఫోన్ దొంగతనంలో దొరికాడు. విలువలు లేకనా, స్వార్థమా?

ఇంట్లో అబద్ధం కూడా ఆడనివ్వలేదు, పదో తరగతి చదివే అబ్బాయి స్నేహితులతో కలిసి ఎవరిదో ఫోన్ కొట్టేశాడు అని రాశారు. ఆ వయసులో నేనూ ఆ బాపతే కాబట్టి చెబుతున్నా.

మాది తిరుపతి. ఇంటర్ మొదటి సంవత్సరంలో మేం నలుగురం అలిపిరి దగ్గర ఆపిన బండ్లలో పెట్రోలు తీసేవాళ్ళం. పెరటాసి (తమిళుల పురటాసి నెల) శనివారాలైతే మాకు పండగే. తమిళనాడు నుంచి బైకుల మీద వచ్చి, బండి ఆపి మెట్లెక్కితే మళ్ళీ దిగేది ఎప్పుడో. సీసా నిండగానే ఒకడికి సగం ధరకు ఇచ్చేసి, బజ్జీలు తిని సినిమాకు పోవడం.

అదే నేను మా వీధిలో ఎవరి పుల్లా ముట్టుకునేవాణ్ణి కాదు. పక్కింటి అవ్వకు రేషన్ బియ్యం మోసిపెట్టేవాణ్ణి. ఒకసారి మా నాయన బెల్టు తీసినా స్నేహితుడి పేరు చెప్పలేదు. మరి విలువలు లేవని ఎలా అనడం? ఉన్నాయి, మా వీధి మలుపు దాకా. యాత్రికులు ఆ లెక్కలోకి రారు. 'మళ్ళీ కనిపిస్తారా ఏంది?' అనేవాడు మాలో ఒకడు. యాత్రికుడికో రేటు, ఊరివాడికో రేటు చెప్పడం చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగినవాళ్ళం మేం. సాకు చెప్పడం లేదు, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతున్నా.

ఒకరాత్రి కపిలతీర్థం రోడ్డులో ఒకాయన బండి నెట్టుకుంటూ వస్తున్నాడు. వెనక భార్య, ఆమె భుజం మీద నిద్రపోతున్న పాప. ఆయన గుండుకు రాసిన గంధం ఇంకా ఆరలేదు. 'తంబీ, పెట్రోల్ బంక్ ఎక్కడ?' అని ఆమె మమ్మల్నే అడిగింది. దారి చూపించి, వాళ్ళు కాస్త దూరం పోగానే నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. ఆ రోజే మారిపోయానని రాస్తే బాగుంటుంది కానీ అది అబద్ధం. ఆ తర్వాత కూడా రెండు నెలలు చేశాం.

తర్వాత ఎం.ఎస్.డబ్ల్యూ. (సామాజిక సేవలో పీజీ) చదివేటప్పుడు సైక్స్, మాట్జా అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1957లో రాసింది చదివి ఉలిక్కిపడ్డాను. దారి తప్పిన పిల్లలు చాలామందికి తప్పొప్పులు తెలుసు, తెలిసిన నీతిని ఆ కాసేపు పక్కన పెట్టడానికి మాటలు వెతుక్కుంటారని వాళ్ళ వాదన. 'ఎవరికేం నష్టం', 'స్నేహితుల కోసం చేశా', అన్నీ మా మాటలే! జాన్ గిబ్స్ అనే మనస్తత్వవేత్త ఇంకో అడుగు ముందుకు వేశాడు. అసలు వేరు 'నాకు కావాలి, అంతే' అనే ఆలోచన, ఎదుటివాడిదే తప్పనడం, జరిగినదాన్ని చిన్నది చేయడం లాంటివన్నీ దానికి కాపలా అంటాడు. అయితే ఆ వయసులో అందరికీ ఎంతో కొంత 'నేను' ఉంటుంది. అందరూ దొంగలు కారు కదా. సావాసం, ఇంట్లో గొడవలు, చదువు మీద విరక్తి, ఇవి కూడా చూడండి.

నా సంగతికి వస్తే, ఒకరోజు దొరికిపోయాం. నీతి పాఠాలు చాలా విన్నాను, ఒక్కటీ ఎక్కలేదు. మా మామకు అక్కడే పంక్చర్ షాపు ఉండేది. సెలవుల్లో నన్ను అందులో కూర్చోబెట్టాడు. అర్ధరాత్రి పెట్రోలు లేక వచ్చేవాళ్ళను రోజూ చూడాల్సి వచ్చింది. ఒక ముసలాయన నా ముందే జేబులో చిల్లర లెక్కపెట్టుకుంటుంటే తలెత్తలేకపోయాను. ఎవరూ కొత్తగా ఏమీ నేర్పలేదు, మనిషి మొహం కనిపించిందంతే.

కేసు పెట్టారో లేదో మీరు రాయలేదు. పెట్టినా మరీ టెన్షన్ పడకండి. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్లల్ని లాకప్‌లో ఉంచకూడదు, 24 గంటల్లోపు బాలల న్యాయమండలి ముందుకు తీసుకెళ్ళాలి. అందులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు.

ఇంట్లో మాత్రం 'దొంగతనం తప్పు' అని మళ్ళీ మొదలుపెట్టకండి, అది వాడికి తెలుసు. ఆ ఫోన్ ఎవరిది, అందులో ఎవరి ఫోటోలు ఉన్నాయి, ఆ రోజు వాళ్ళు ఇంటికి ఎలా కబురు చేసి ఉంటారు అని అడిగి, వాడు చెప్పేదాకా ఊరుకోండి. మొదట విసుక్కుంటాడు. నేనూ విసుక్కున్నాను.