రేకు మీది పేరును దాటి వెతుకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ దగ్గరున్న పాత కారు జాకీని తయారుచేసిన అమెరికా కంపెనీ వెనుక ఉన్న వ్యాపారి ఎవరో తెలుసుకోవాలని ఉందని రాశావు. ముందుగా జాకీ మీద కంపెనీ పేరున్న ఆ ఇత్తడి రేకును తోమవద్దు. పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు పడేటట్లు దీపం పెట్టి ఫోటో తీస్తే, అరిగిపోయిన అంకెలు కూడా నీడలుగా తేలతాయి. నీకు పేరుకన్నా ఆ అంకెలే ముఖ్యం.

పేరు ఎంతగా దారి తప్పించగలదో చూడు. సైకిల్ పందేలలో పేరు తెచ్చుకున్న ఆల్బర్ట్ ఛాంపియన్ 1905లో బోస్టన్‌లో తన పేరున కంపెనీ పెట్టి, 1908లో దానిని విడిచి ఫ్లింట్‌కు వెళ్లాడు. పేరు మాత్రం పెట్టుబడి పెట్టిన స్ట్రానహాన్ సోదరుల దగ్గరే ఉండిపోయింది. వారు టొలీడోలో తయారుచేసిన స్పార్క్ ప్లగ్గుల (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే భాగాల) మీద ఉన్నది అతని ఇంటిపేరే అయినా, ఆ వ్యాపారం అతనిది కాదు. అతని సొంత ప్లగ్గులకు ఏసీ అనే పొడి అక్షరాలే మిగిలాయి.

అందువల్ల పేటెంట్ సంఖ్యతో మొదలుపెట్టు. అమెరికాలో పది లక్షలవ పేటెంట్ 1911లోనూ, ఇరవై లక్షలవది 1935లోనూ వెలువడ్డాయి. మొదటిది టైరుకు, రెండవది వాహన చక్రానికి దక్కడం నాకెప్పుడూ ముచ్చటగానే తోస్తుంది. రేకు మీద చాలా సంఖ్యలుంటే అన్నిటికన్నా పెద్దదానిని పట్టుకో, ఎందుకంటే ఆ రేకు అంతకన్నా పాతది కాదు. పేటెంట్ పత్రంలో ఆవిష్కర్త పేరు, ఊరు, హక్కులు ఎవరికైనా రాసిచ్చి ఉంటే వారి పేరు కనిపిస్తాయి. ఆవిష్కర్త జీతగాడే కావచ్చు గనుక, హక్కులు పుచ్చుకున్నవారి వైపు నడువు. రేకు మీది చిరునామాలో నగరం పేరు తరువాత ఒకటి రెండు అంకెలుంటే అది 1943 తరువాతిది, మన పిన్ కోడ్ లాంటి అయిదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 తరువాతిది.

తరువాత ఆ నగరపు పాత డైరెక్టరీలను, అంటే ఊళ్లోని మనుషుల, వ్యాపారాల పేర్లూ చిరునామాలూ అచ్చువేసిన పుస్తకాలను, ఏడాది వెంట ఏడాది చూడు. కంపెనీ పేరు పక్కనే అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి పేర్లు తరచుగా ఉంటాయి. అక్కడ కంపెనీల నమోదు రాష్ట్రాల పని కాబట్టి, స్థాపన పత్రాలను ఆ రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయంలోనో పురాభిలేఖాగారంలోనో అడగాలి.

మనిషి పేరు దొరికాక అసలు ప్రమాదం మొదలవుతుంది. ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరిని నేను ఒకసారి ఒక్కరిగా కలిపేసి, ఒకరి కుటుంబాన్ని మరొకరి కర్మాగారానికి అంటగట్టాను. ఆ పొరపాటు ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. అప్పటినుంచి, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు కలిస్తే తప్ప ఏ పేరునూ ఖాయం చేయను. 1917-18లోనూ, 1942లోనూ సైనిక సేవ కోసం నింపించిన కార్డులలో పుట్టిన తేదీతో పాటు పనిచేసే చోటు కూడా ఉంటుంది. 1910 నుంచి 1930 వరకు జరిగిన జనగణనలలో యజమానా, జీతగాడా అని ప్రత్యేకంగా రాశారు. జనగణనలో మనుషుల వివరాలను 72 ఏళ్లు గోప్యంగా ఉంచే నియమం వల్ల 1950 జనగణన 2022లో గానీ తెరుచుకోలేదు.

వారసులు దొరికితే మొదటి ఉత్తరంలో ఆస్తి, వాటాల మాట ఎత్తవద్దు. జాకీ ఫోటో జతచేసి, ఇంట్లో పాత కేటలాగు గానీ ఆయన ఫోటో గానీ ఉందా అని మాత్రమే అడుగు. ఆ పేటెంట్ సంఖ్య చదవగలిగిన రోజున నాకు రాయి.