నాకు జలపాతం వద్దు, ఒక పేజీ చూపించండి

మానిటర్‌ను దుకాణంలో చూసి కొనడం మంచిదా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం మంచిదా అని అడిగారు. కళ్లతో చూసి కొనడమే మంచిదని నేనూ నమ్మేవాణ్ణి. మూడు దుకాణాలు తిరిగాక ఆ నమ్మకం పోయింది. ఎందుకంటే అక్కడ చూపించేది జలపాతాన్ని.

నా పని ప్రూఫులు దిద్దడం. రోజుకు తొమ్మిది గంటలు తెర మీద తెలుగు అక్షరాలు తప్ప ఇంకేమీ చూడను. దుకాణంలోనేమో పన్నెండు తెరల మీదా ఒకటే వీడియో: జలపాతం, రంగురంగుల చేపలు, చిలుక, మళ్లీ జలపాతం. వెలుగు చివరిదాకా పెంచి, రంగులు చిక్కగా పెట్టి ఉంచుతారు. అలా చూస్తే ఏ మానిటరైనా అందగత్తెలాగే ఉంటుంది. అక్షరం అంచు ఎలా ఉందో పారే నీళ్లలో ఎవరికి తెలుస్తుంది?

అందుకని మూడో దుకాణానికి నా లాప్‌టాప్ వెంట తీసుకెళ్లాను. "దీన్ని ఆ 27 అంగుళాల మానిటర్‌కు తగిలించి ఒక్క పేజీ చూసుకుంటాను" అన్నాను. పనిచేసే కుర్రవాడు నేనేదో పాత బాకీ అడిగినట్టు ముఖం పెట్టాడు.

"బొమ్మ వస్తోంది కదా సార్, ఇంకేం చూస్తారు?"

కేబుళ్లన్నీ అర వెనక కట్టకట్టి ఉన్నాయట. బతిమాలగా బతిమాలగా చెయ్యి దూర్చి ఒకటి లాగాడు. పన్నెండు తెరలూ ఒక్కసారి నల్లబడ్డాయి. చేపలూ పోయాయి, చిలుకా పోయింది. యజమాని కౌంటర్ దగ్గర నుంచి లేచి వచ్చాడు. ఆయన వచ్చేలోగా నా పేజీ తెర మీదికి వచ్చేసింది.

"రాష్ట్రం" అన్న మాట చూశాను. ష కింద టవత్తు, దాని పక్కన రవత్తు, రెండూ కలిసి మసిమరకలా ఉన్నాయి. ఇందులో మాయ ఏమీ లేదు. 1920×1080 చుక్కలను (పిక్సెళ్లను) 24 అంగుళాల తెర మీద పరిస్తే అంగుళానికి 92 పడతాయి. అవే చుక్కలను 27 అంగుళాలకు సాగదీస్తే 82కు పలచబడతాయి. ఇంగ్లిషు అక్షరాలు ఎలాగో నెట్టుకొస్తాయి. వత్తు మీద వత్తు మోసే మన లిపి నెట్టుకు రాలేదు. యజమానికి ఆ మరక చూపించాను. ఆయన తెర వంక చూసి, నా వంక చూసి, "కళ్లు పరీక్ష చేయించుకుని ఎంత కాలమైంది?" అన్నారు.

అదే కొలతలో 2560×1440 ఉన్నది అడిగితే "అది ఆటలాడే పిల్లలకండీ" అని కొట్టిపారేశారు. అంగుళానికి 109 చుక్కలు పిల్లలకేనా? డబ్బాల మీద మాత్రం తెర స్పందించే సమయం 1 మిల్లీసెకను అని బొద్దుగా ఉంటుంది. దేన్ని ఎలా కొలిస్తే అది వచ్చిందో ఉండదు. కాంట్రాస్టు, అంటే తెలుపుకూ నలుపుకూ మధ్య వెలుగు తేడా, కోటికి ఒకటి అని ఉంటుంది. ఐపీఎస్ అనే రకం మామూలు తెరకు అది వెయ్యికి ఒకటి ఉంటే మర్యాదగా ఉన్నట్టే.

స్టాండ్ల గురించి ఎవరూ అడగరు గానీ నేను చెప్తాను. వాటిలో చాలావాటికి తల కాస్త ముందుకూ వెనక్కూ వంచడం తప్ప పైకి లేవడం రాదు. నా పాత మానిటర్ కింద రెండు నిఘంటువులు ఉండేవి. వాటిలో మాట వెతకాలంటే మానిటర్ దించాల్సి వచ్చేది.

చివరికి ఆ 1440 రకాన్నే వేరే చోట, డబ్బా విప్పకుండా కొన్నాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఎడమవైపు కింద మాత్రం ఒక నల్లచుక్క. తీసుకెళ్లి చూపిస్తే, 36 లక్షల పైచిలుకు చుక్కల్లో ఒకటి పోతే లెక్కలోకి రాదన్నారు. కంపెనీల నిబంధనలు కూడా చాలావరకు అలాగే ఉంటాయి, ఇన్ని పోతేనే మారుస్తామని.

ఆ చుక్క సరిగ్గా పేజీ చివరి వరుస వచ్చే చోట ఉంది. వాక్యం మధ్యలో పూర్ణవిరామం ఎవరు పెట్టారా అని ఇప్పటికీ రోజుకు రెండుసార్లైనా దాన్ని కొట్టేయబోతాను.